రెండు వేల పాయింట్ల లెక్క: ఆర్మీ లిస్టులో సమతూకం ఎక్కడుంది?

సంక్షిప్తంగా: టేబుల్‌టాప్ వార్‌గేమ్‌లో, అంటే బల్ల మీద చిన్న సైనిక బొమ్మలతో పాచికలు వేసి ఆడే యుద్ధ ఆటలో, అన్ని రకాల యూనిట్లనూ (బొమ్మల దళాలనూ) తలా కొంచెం చేర్చినంత మాత్రాన ఆర్మీ లిస్టుకు, అంటే ఆటకు ముందు ఎంచుకునే సైన్యం జాబితాకు, సమతూకం రాదు. ఎదుట ఏ సైన్యం నిలిచినా మన పాయింట్లలో పెద్ద భాగం పనికిరాకుండా పోకూడదు, మిషన్‌లోని (ఆ ఆటలో మార్కులు తెచ్చే లక్ష్యాలలోని) ఏ పనీ ఒకే యూనిట్ మీద ఆధారపడకూడదు. ఈ రెండూ కుదిరితే అది సమతూకమున్న లిస్టు. వార్‌హ్యామర్ 40,000 ఆటకు 2023లో వచ్చిన 10వ ఎడిషన్ నియమాల ఆధారంగా ఆ లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం.

పాయింట్లు చెప్పేది, చెప్పనిది

చదరంగంలో ఇద్దరికీ ఒకే బలగం. వార్‌గేమ్‌లో ఎవరి సైన్యాన్ని వారే ఎంచుకుంటారు. ఒకరు వందమంది కాల్బలంతో వస్తే, మరొకరు పది ట్యాంకులతో రావచ్చు. ఈ రెండింటినీ ఒకే తూకంలో పెట్టడానికి పుట్టినవే పాయింట్లు. ప్రతి యూనిట్‌కూ ఒక ధర ఉంటుంది, ఇద్దరికీ ఒకే బడ్జెట్ ఉంటుంది. వార్‌హ్యామర్ 40,000లో ఎక్కువగా ఆడే స్థాయి 2,000 పాయింట్లు. చిన్న ఆటకు 1,000, పెద్ద ఆటకు 3,000.

పాయింట్లు లేకపోతే ఏమవుతుందో చూపించే ఉదాహరణ ఒకటుంది. వార్‌హ్యామర్ ఆటలను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 2015లో ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే మరో వార్‌గేమ్‌ను విడుదల చేసినప్పుడు అందులో పాయింట్లే పెట్టలేదు. ఎవరికి నచ్చినన్ని బొమ్మలు వారు టేబుల్ మీదకు దించవచ్చు. ఒక పక్క బొమ్మల సంఖ్య మూడోవంతు ఎక్కువైతే, రెండో పక్కకు త్వరగా గెలిచే ఒక షరతు దక్కేది. అంటే గోబ్లిన్ అయినా డ్రాగన్ అయినా లెక్కలోకి ఒకటిగానే వచ్చేవి. ముందుగా మాట్లాడుకుని ఆడే స్నేహితులకు అది సరిపోయింది గానీ, ముక్కూమొహం తెలియని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే న్యాయమైన ఆట ఏదో తేల్చే దారి లేకపోయింది. మరుసటి ఏడాదే, 2016లో, పాయింట్లు తిరిగొచ్చాయి.

అయితే పాయింట్లకూ ఒక హద్దుంది. చదరంగంలో మంత్రికి 9, ఏనుగుకు 5, గుర్రానికి 3 అని విలువ కడతారు. కిక్కిరిసిన బోర్డు మీద మాత్రం ఒక్కోసారి ఆ 3 విలువ గుర్రమే ఏనుగును మించిపోవచ్చు. వార్‌గేమ్ ధరలూ ఇలాంటి సగటు అంచనాలే. ట్యాంకులను కూల్చే యూనిట్ ధర, ఎదుట కొన్ని ట్యాంకులు ఉంటాయన్న ఊహతో కట్టినది. ఎదుట ఒక్క ట్యాంకు కూడా లేకపోతే ధర తగ్గదు, ఉపయోగం మాత్రం తగ్గుతుంది. లిస్టు తయారీలోని చిక్కంతా ఈ తేడాలోనే ఉంది.

ఒక తుపాకి, మూడు లక్ష్యాలు

10వ ఎడిషన్‌లో ఒక తూటా నాలుగు మెట్లు దాటాలి. ముందు గురి తగలాలి, అంటే హిట్. తర్వాత గాయం కావాలి, అంటే ఊండ్. ఆపైన ఎదుటివాడి కవచం విఫలమవ్వాలి, అంటే సేవ్. ఇవన్నీ దాటాకే డ్యామేజ్. ఊండ్ మెట్టులో ఆయుధం స్ట్రెంగ్త్‌ను లక్ష్యం టఫ్‌నెస్‌తో పోలుస్తారు. రెండూ సమానమైతే పాచిక మీద 4+ (నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ) పడాలి. స్ట్రెంగ్త్ ఎక్కువైతే 3+, రెట్టింపు లేదా అంతకు మించితే 2+. తక్కువైతే 5+, సగం లేదా అంతకన్నా తక్కువైతే 6 మాత్రమే.

ఈ ఆటలోని కవచధారి సైనికులైన స్పేస్ మెరీన్ల మామూలు ఆయుధం బోల్ట్ రైఫిల్‌ను, ట్యాంకులను కొట్టే లాస్‌క్యానన్‌ను తీసుకుని లెక్కవేస్తే విషయం తేటపడుతుంది. రెండింటికీ గురి 3+ అనుకుందాం. రీరోల్స్ (పాచిక మళ్లీ వేయడం), కవర్ (చాటు) లాంటివి పక్కన పెడదాం.

బోల్ట్ రైఫిల్ స్ట్రెంగ్త్ 4, డ్యామేజ్ 1, కవచాన్ని ఒక మెట్టు తగ్గిస్తుంది. ఎదుట టఫ్‌నెస్ 3, సేవ్ 5+, ఒకే ఊండ్ (తట్టుకోగల డ్యామేజ్) ఉన్న గార్డ్స్‌మన్, అంటే మామూలు కాల్బల సైనికుడు, నిలబడితే, ఒక్కో తూటాకు అతను పడిపోయే అవకాశం సుమారు 37 శాతం. అంటే ఇరవై మందిని పడగొట్టడానికి సగటున 54 తూటాలు. ఎదుట టఫ్‌నెస్ 4, సేవ్ 3+, రెండు ఊండ్లున్న ఇంటర్‌సెసర్ (స్పేస్ మెరీన్ సైనికుడు) ఉంటే ఒక్కడిని పడగొట్టడానికే 12 తూటాలు. టఫ్‌నెస్ 12, సేవ్ 2+, 16 ఊండ్లున్న ల్యాండ్ రైడర్ ట్యాంకు మీద అయితే ఒక్కో తూటాకు 27లో ఒక వంతు ఊండ్ మాత్రమే తగ్గుతుంది. ఆ లెక్కన దాన్ని కూల్చడానికి 432 తూటాలు కావాలి. ఒక ఆటలో అన్ని తూటాలు పేలే ప్రసక్తే లేదు.

ఇప్పుడు లాస్‌క్యానన్. స్ట్రెంగ్త్ 12, కవచాన్ని మూడు మెట్లు తగ్గిస్తుంది, డ్యామేజ్ ఒక పాచికకు ఒకటి కలిపితే వచ్చేది. ల్యాండ్ రైడర్ మీద ప్రతి షాట్‌కూ సగటున ఒక ఊండ్ తగ్గుతుంది కాబట్టి 16 షాట్లలో పని పూర్తవుతుంది. అదే ఆయుధాన్ని గార్డ్స్‌మెన్ మీదకు తిప్పితే ఒక్కో షాట్‌కు పడేది సగానికి కాస్త ఎక్కువ మంది. ఏడు డ్యామేజ్ వచ్చినా చచ్చేది ఒక్కడే, మిగిలిన ఆరూ పక్కవాడికి పారవు. ఇరవై మందికి 36 షాట్లు కావాలి. ఖరీదు చూసుకుంటే లాస్‌క్యానన్ మోసే యూనిట్ ధర బోల్ట్ రైఫిళ్ల దళం కన్నా బాగా ఎక్కువ. షాట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఏకపక్ష లిస్టులు, ఆటగాళ్ల మాటలో స్క్యూ లిస్టులు, ఇక్కడి నుంచే బలం తెచ్చుకుంటాయి. సైన్యం మొత్తాన్నీ టఫ్‌నెస్ 10 దాటిన వాహనాలతో నింపితే ప్రత్యర్థి బోల్ట్ రైఫిళ్లన్నీ అలంకారానికే మిగులుతాయి. మొత్తం వందమంది కాల్బలమైతే అతని లాస్‌క్యానన్లు ఈగల మీద గదల్లా తయారవుతాయి. రెండు సందర్భాల్లోనూ ఒక్క బొమ్మ కదలకముందే ప్రత్యర్థి పాయింట్లలో కొంత భాగం వృథా. ఏకపక్ష లిస్టు గెలిచేది తన బలంతో కాదు, ఎదుటి లిస్టును చిన్నది చేయడంతో. సమతూకమున్న లిస్టు ఈ దెబ్బకు కట్టుకున్న బీమా లాంటిది. ప్రీమియం కూడా కట్టాల్సిందే: ట్యాంకులే లేని ప్రత్యర్థి మీద లాస్‌క్యానన్ల ఖర్చు అక్కరకు రాదు, అయినా వాటిని వదిలేయడానికి లేదు.

ఈ కారణంగానే నడిమి స్థాయి ఆయుధాలకు అనుభవమున్న ఆటగాళ్లు ప్రత్యేక విలువ ఇస్తారు. స్ట్రెంగ్త్ 6 నుంచి 9 మధ్య, డ్యామేజ్ 2 లేదా 3, షాట్లు ఒకటి కన్నా ఎక్కువ. ఇవి ఏ పనిలోనూ అందరికన్నా ముందుండవు గానీ, ఏ ప్రత్యర్థి మీదా చేతులు ముడుచుకుని కూర్చోవు. లిస్టు నడుము ఇలాంటి వాటితో కట్టి, రెండు కొసలకూ ప్రత్యేక ఆయుధాలు పెట్టడం వాడుకలో నిలిచిన పద్ధతి.

సగటు దాచిపెట్టేది

పై లెక్కలన్నీ సగటులు. ఆట జరిగేది మాత్రం ఒక్కసారే.

ఒక లాస్‌క్యానన్ షాట్ ల్యాండ్ రైడర్ కవచాన్ని దాటే అవకాశం 9లో 2 వంతులు. నాలుగు లాస్‌క్యానన్లు ఒకేసారి పేల్చితే సగటున నాలుగు ఊండ్లు తగ్గాలి. వినడానికి బాగానే ఉంది. కానీ నాలుగూ కలిసి గీత కూడా పడకుండా వృథా అయ్యే అవకాశం దాదాపు 37 శాతం. మూడు సార్లకు ఒకసారి కన్నా ఎక్కువే! ఎనిమిది పేల్చితే అది 13 శాతానికి దిగుతుంది. లిస్టులో ట్యాంకును కొట్టే యూనిట్ ఒక్కటే ఉంటే ఆటలో పెద్ద మలుపు ఒక పాచిక విసురు మీద వేలాడుతుంది. పైగా ప్రత్యర్థి కూడా లిస్టు చూస్తాడు. ఆ ఒక్క యూనిట్‌నూ మొదటి రౌండులోనే లేపేస్తే అతని ట్యాంకులు మిగతా ఆటంతా నిశ్చింతగా తిరుగుతాయి.

అందుకే ప్రతి ముఖ్యమైన పనికీ కనీసం రెండు, వీలైతే మూడు యూనిట్లు ఉండాలన్న సూత్రం పుట్టింది. మూడూ ఒకే రకం కానక్కర్లేదు. ఒకటి దూరం నుంచి కాల్చేది, ఒకటి దగ్గరకొచ్చి మెల్టాతో (కవచాన్ని కరిగించే తుపాకితో) కాల్చేది, మరొకటి చేతి పోరులో వాహనాలను చీల్చేది అయితే ఇంకా మేలు. దూరంగా దాక్కున్న యూనిట్‌ను ఆపే ఉపాయం, మీదకు దూకే యూనిట్‌ను ఆపే ఉపాయం వేరువేరు. రెండింటినీ ఒకేసారి ఎదుర్కోవడం ప్రత్యర్థికి కష్టం.

కొత్త ఆటగాళ్ల లిస్టుల్లో తరచూ కనిపించే లోపం దీనికి నేరుగా వ్యతిరేకం. ఒక్కో డబ్బా నుంచి ఒక్కో యూనిట్ చొప్పున పది రకాలు చేరుస్తారు. చూడటానికి అన్నీ ఉన్నట్టే ఉంటుంది, నిజానికి ఏ పనికీ ఒకటికి మించి దిక్కుండదు. పేరుకు వైవిధ్యం, పనికి పెళుసు.

గెలిపించేది స్కోరు

ఎడిషన్లు మారేకొద్దీ ఈ ఆటలో చంపడానికి నేరుగా వచ్చే ప్రతిఫలం తగ్గుతూ వచ్చింది. 10వ ఎడిషన్ పోటీ మిషన్లలో వంద మార్కులకు లెక్క: ప్రైమరీకి (మిషన్ ప్రధాన లక్ష్యానికి) 50, సెకండరీకి (అదనపు పనులకు) 40, సైన్యానికి రంగులు వేసి ఉంటే 10. ఆట ఐదు రౌండ్లు. ప్రైమరీ మార్కులు ఎక్కువగా టేబుల్ మీది ఆబ్జెక్టివ్ గుర్తులను ఎవరు పట్టుకున్నారన్న దాని మీద వస్తాయి.

పట్టుకోవడాన్ని కొలిచేది ఆబ్జెక్టివ్ కంట్రోల్ అనే అంకె. గుర్తుకు మూడు అంగుళాల లోపల ఉన్న బొమ్మల అంకెలు కూడితే ఎవరిది ఎక్కువో వారిదే ఆ గుర్తు. ల్యాండ్ రైడర్ అంకె 5. ఇంటర్‌సెసర్ ఒక్కడిది 2, బరువైన కవచమున్న స్పేస్ మెరీన్ అయిన టెర్మినేటర్‌ది 1. అంటే ముగ్గురు ఇంటర్‌సెసర్లు గుర్తు దగ్గర నిలబడితే చాలు, ఆ భారీ ట్యాంకు పక్కనే ఉన్నా గుర్తు వారిదే. పది మంది గార్డ్స్‌మెన్ చేరితే అంకె 20. చంపడంలో వీరు ఎందుకూ కొరగారు, స్కోరుబోర్డు మీద మాత్రం ట్యాంకును మించిన విలువ. అయితే బాటిల్‌షాక్ అయిన (ధైర్యం చెదిరిన) యూనిట్ అంకె సున్నాకు పడిపోతుంది. అందుకే ఈ పనిని కూడా ఒకే పెద్ద దళానికి అప్పగించడం ప్రమాదం.

సెకండరీలది ఇంకో దారి. టేబుల్ మూలలకు చేరడం, నిర్దిష్ట చోట నిలబడి కాల్చకుండా ఒక యాక్షన్ పూర్తిచేయడం లాంటి పనులుంటాయి. 200 పాయింట్ల యూనిట్‌ను ఈ పనికి పంపితే ఆ రౌండులో అది కాల్చదు, అంటే 200 పాయింట్లు ఊరకే నిలబడతాయి. అదే పని చవకైన చిన్న దళం చేస్తే నష్టం లేదు. సొంత ఇలాకాలోని గుర్తును కాపలా కాసే పనికీ ఇదే సూత్రం. లిస్టులో అన్నిటికన్నా ఖరీదైన యూనిట్ వెనక గుర్తు మీద కూర్చుందంటే, లిస్టులో చవక యూనిట్లు సరిపోలేదని అర్థం.

చవక దళాలు చేసే మరో పని అడ్డుగోడ. డీప్ స్ట్రైక్‌తో, అంటే ఆట మధ్యలో నేరుగా టేబుల్ మీదకు, దిగే శత్రు యూనిట్ మన ఏ బొమ్మకైనా తొమ్మిది అంగుళాల కన్నా దూరంగా దిగాలి. 32 మిల్లీమీటర్ల బేసులు (అడుగు పీటలు) ఉన్న ఐదు బొమ్మలను రెండేసి అంగుళాల ఎడంతో వరుసగా నిలబెడితే ఆ వరుస పొడవు 14 అంగుళాలు దాటుతుంది. రెండు పక్కలా తొమ్మిదేసి కలుపుకుంటే 32 అంగుళాల మేర శత్రువు దిగడానికి వీల్లేదు. 2,000 పాయింట్ల ఆటకు టేబుల్ కొలత 60 అంగుళాలకు 44. పొట్టి పక్కలో దాదాపు ముప్పాతిక భాగాన్ని ఐదు బొమ్మలు మూసేశాయన్నమాట. ఈ ఐదుగురి విలువ డ్యామేజ్ లెక్కల్లో ఎక్కడా కనపడదు. లిస్టును కాల్చే శక్తితోనే కొలిచేవారు మొదట తీసేసేది వీరినే, పోటీల్లో మొదట దెబ్బతినేదీ అలాంటి లిస్టులే.

ఫ్యాక్షన్ లోటును పూడ్చాలా?

ప్రతి ఫ్యాక్షన్‌నూ (ఆటగాడు ఎంచుకునే సైన్యపు జాతిని) ఒక లోటుతోనే రూపొందిస్తారు. టావ్ ఎంపైర్‌కు దూరపు కాల్పులు ప్రాణం, చేతి పోరు బలహీనం, సైకర్లు (మనోశక్తితో పోరాడేవారు) అసలే లేరు. ఆర్క్‌లకు టఫ్‌నెస్ 5 ఉన్న కాల్బలం గుంపులుగా దొరుకుతుంది గానీ గురి చాలామందికి 5+. కస్టోడీస్ యోధుడు ఒక్కొక్కడూ టఫ్‌నెస్ 6, మూడు ఊండ్లు, 2+ సేవ్‌తో కదిలే కోట. తలకు ధర ఎక్కువ కాబట్టి తలలే తక్కువ.

సమతూకం పేరుతో ఈ లోటును నేరుగా పూడ్చబోవడం అంత మంచి ఆలోచన కాదు. టావ్ ఆటగాడు 400 పాయింట్లు చేతి పోరు యూనిట్ల మీద పెడితే, ఆర్క్‌లు అదే 400తో కొనే దానికన్నా నాసిరకం సరుకే దక్కుతుంది. పైగా తన అసలు బలమైన కాల్పుల్లో అయిదో వంతు తగ్గిపోతుంది. కావాల్సింది చేతి పోరు కాదు, చేతి పోరు మీదకొచ్చినప్పుడు తట్టుకునే దారి. టావ్ సైన్యంలోనే దొరికే క్రూట్ దళాలను ముందు నిలబెట్టి శత్రువు దూకుడును ఒక రౌండు ఆలస్యం చేస్తే, ఆ రౌండులో వెనకున్న తుపాకులు పని ముగిస్తాయి. లోటు అలాగే ఉంది, అది కలిగించే నష్టం తగ్గింది.

కస్టోడీస్ విషయంలో లోటు మనుషుల సంఖ్య. ఐదు గుర్తులు, నాలుగు మూలలు, వీటన్నిటికీ సరిపడా దళాలు లేవు. అక్కడ సమతూకమంటే ఇంకో బలమైన యూనిట్ మానుకుని, సిస్టర్స్ ఆఫ్ సైలెన్స్ లాంటి చవక దళాలను చేర్చి తిరిగే పనులు వారికి అప్పగించడం. ఆర్క్‌లకు దూరపు లక్ష్యాలు సమస్య. గురి మెరుగుపరచుకోవడం కన్నా బండ్లెక్కి త్వరగా దగ్గరకు చేరడమే వారికి చవక. మూడు ఫ్యాక్షన్లూ సమతూకం సాధించవచ్చు, మూడు లిస్టులకూ ఒకదానితో ఒకటి పోలిక ఉండదు. ఒక ఫ్యాక్షన్‌కు నప్పిన శాతాలను మరో ఫ్యాక్షన్‌కు అంటించే సలహాలు ఎక్కువగా పనిచేయనిది ఇందుకే.

నియమాలు బలవంతంగా తెచ్చిన సమతూకం

ఒకప్పుడు ఈ పని ఆటగాడికి వదిలేయలేదు. 1998లో వచ్చిన 3వ ఎడిషన్‌లో ఒక పట్టిక ఉండేది. కనీసం ఒక నాయకుడు, రెండు కాల్బల దళాలు తప్పనిసరి. ఎలీట్ (మేటి), ఫాస్ట్ అటాక్ (వేగపు), హెవీ సపోర్ట్ (భారీ ఆయుధాల) దళాలు తలా మూడుకు మించకూడదు. సైన్యాలు సైన్యాల్లా కనిపించాయి. కానీ తప్పనిసరి అన్నచోట ఆటగాళ్లు అన్నిటికన్నా చవకైన రెండు దళాలను పడేసి, మిగతా పాయింట్లను ఎప్పటిలాగే ఒకే వైపు పోశారు. కాల్బలం పన్ను కట్టినట్టు ఉండేది.

2017 నాటి 8వ ఎడిషన్‌లో ఈ ఒక్క పట్టిక బదులు రకరకాల డిటాచ్‌మెంట్లు (సైన్యాన్ని కూర్చే నమూనాలు) ఉండేవి. ఒకే రకం శక్తిమంతమైన యూనిట్లతో నింపిన లిస్టులు పోటీలను ముంచెత్తాయి. 2018లో పోటీల కోసం కొత్త హద్దు వచ్చింది: ఒకే డేటాషీట్, అంటే ఒకే రకం యూనిట్, 2,000 పాయింట్ల సైన్యంలో మూడు సార్లకు మించకూడదు. 10వ ఎడిషన్‌లో అదే మూల నియమమైంది. బాటిల్‌లైన్ (ప్రధాన కాల్బల) దళాలకూ డెడికేటెడ్ ట్రాన్స్‌పోర్ట్ అనే రకం రవాణా వాహనాలకూ ఆరు, పేరున్న వీరులు ఒక్కొక్కరే. పాత పట్టిక మాత్రం పూర్తిగా పోయింది.

దాని స్థానంలో కాల్బలాన్ని తెచ్చుకునే కారణం మిషన్ నుంచి రావాలన్నది కొత్త ఏర్పాటు వెనకున్న ఆలోచన. ఆబ్జెక్టివ్ కంట్రోల్ అంకె వారికి ఎక్కువ, కాబట్టి తెస్తారని అంచనా. ఇది పాత బలవంతం కన్నా మెరుగైనదే. కాకపోతే మిషన్లు మారినప్పుడల్లా కాల్బలం విలువ కూడా మారిపోతుంది. ఇంకో మార్పు ఆయుధాల ధర. 10వ ఎడిషన్‌లో చాలా యూనిట్లలో ఆయుధాలకు విడిగా పాయింట్లు లేవు, దళం పరిమాణాన్ని బట్టి ఒకే ధర. మామూలు తుపాకి, మెల్టా ఒకే ధరకు వస్తుంటే మెల్టానే ఎంచుకుంటారు. చివర మిగిలే 15, 20 పాయింట్లను చిన్న సర్దుబాట్లతో వాడుకునే దారీ మూసుకుపోయింది. 1,985 దగ్గర ఆగిన లిస్టులు సర్వసాధారణం.

సమతూకం అక్కర్లేని చోట్లు

ప్రత్యర్థి ఎవరో ముందే తెలిస్తే బీమా ఖర్చు దండగ. జట్టు పోటీల్లో కూడా అంతే. ఏ ఆటగాడిని ఎవరి మీదకు పంపాలో కెప్టెన్లు ఎత్తులు వేసి నిర్ణయిస్తారు కాబట్టి, ఒక రకం ప్రత్యర్థిని నలిపేసి ఇంకో రకానికి దొరికిపోయే ఏకపక్ష లిస్టు అక్కడ పనిముట్టు అవుతుంది. ఒంటరి పోటీలో ఐదారు ఆటలు వరుసగా, ఎవరెవరో తెలియని వారితో ఆడాలి. నాలుగు ఆటల్లో నలిపేసి ఒక్క ఆటలో చిత్తయినా పైస్థానం చేజారుతుంది.

గడియారం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పోటీ ఆటలకు సమయ పరిమితి ఉంటుంది. నూటయాభై బొమ్మల సైన్యం కాగితం మీద ఎంత సమతూకంగా ఉన్నా, వాటిని కదపడానికే సమయం అయిపోతే నాలుగు, ఐదు రౌండ్ల మార్కులు రావు.

ధరలు మారినప్పుడు

గేమ్స్ వర్క్‌షాప్ పాయింట్లను ఏడాదిలో పలుమార్లు సవరిస్తుంది. 2021 నుంచి బ్యాలెన్స్ డేటాస్లేట్ పేరుతో నియమాల సవరణలూ వస్తున్నాయి. ఫ్యాక్షన్ల గెలుపు శాతం 45 నుంచి 55 మధ్య ఉండాలన్నది సంస్థ ప్రకటించుకున్న లక్ష్యం. ఆ హద్దు దాటి గెలిచే ఫ్యాక్షన్‌లో ఎక్కువగా వాడే యూనిట్ల ధర ముందు పెరుగుతుంది. ఫలితం ఊహించగలిగిందే: ధరకు మించిన పని చేస్తుందని ఒక యూనిట్‌ను మూడు సార్లు కొన్న లిస్టుకే సవరణ దెబ్బ మూడింతలు. ఒక్కోటి 20 పాయింట్లు పెరిగితే లిస్టు ఒక్కసారిగా 60 పాయింట్లు ఎక్కువవుతుంది, ఏదో ఒక చిన్న దళం పోవాలి. సాధారణంగా పోయేది మూలకు పరుగెత్తే ఆ ఐదుగురు బొమ్మల దళమే. అప్పుడు లిస్టు నష్టపోయేది 60 పాయింట్లు కాదు, ఆ దళం ఐదు రౌండ్లలో తెచ్చే సెకండరీ మార్కులు.

పనుల వారీగా కట్టిన లిస్టులో ఇదే సవరణ వచ్చినప్పుడు ఎంపిక తేలిక. ట్యాంకులను కొట్టేవి మూడున్నాయి, మూలలకు వెళ్లేది ఒకటే ఉంది అంటే, ఆ మూడింటిలో ఒకదాన్ని తీసేసి చవకైన దాన్ని పెడితే సరిపోతుంది. అలా తీసేయడంతో నాలుగు లాస్‌క్యానన్లు రెండైతే ల్యాండ్ రైడర్ మీద షాట్లన్నీ వృథా అయ్యే అవకాశం 37 నుంచి 60 శాతానికి పెరుగుతుంది. ఆ నష్టం సెకండరీలో కోల్పోయే మార్కుల కన్నా ఎక్కువా తక్కువా అన్నది తన ఆటలు గుర్తున్న ఆటగాడు కొద్ది నిమిషాల్లో తేల్చుకోగల లెక్క.